చేపల గుంటలో పరిచిన వాక్యం

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. వాక్యం రాసి ఉన్నదేదైనా చెత్తలో వేయం, కాళ్ల కింద పరచం, కాల్చం. పాత క్యాలెండర్ కాగితాన్ని కూడా మడిచి పెట్టెలో దాచుకుంటాం. కాగితాలైతే పెట్టెలో పడతాయి. ఏటా మూడు రోజుల సువార్త సభలు ముగిశాక మిగిలే ఫ్లెక్సులు ఏ పెట్టెలోనూ పట్టవు. ఒక్కొక్కటి ఇంటి గోడంత ఉంటుంది. దాని మీద వాక్యం, పక్కన కోటు వేసుకున్న ప్రసంగీకుని ఫొటో. ఊళ్లో మిగతావాళ్లు పాత ఫ్లెక్సులను గొడ్ల కొట్టాలకు కప్పుతారు, వడ్లు ఆరబోయడానికి పరుస్తారు. మాకు ఆ వీలు లేదు.

రెండేళ్ల కిందట మా స్త్రీల సమాజం తరఫున కొత్తగూడ పక్కన అడవి అంచున ఉన్న ఒక తండాకు దుప్పట్లు పంచడానికి వెళ్లాం. అక్కడ ద్వాలి అనే ఆమె తనతో పాటు మరో అయిదుగురు ఆడవాళ్లను కూడగట్టి చేపపిల్లల గుంట తవ్వించింది. ఆవగింజంత పిల్లను తెచ్చి బొటనవేలంత పెంచి చెరువుల వాళ్లకు అమ్మాలని వాళ్ల ఆలోచన. నేల గులకరాళ్ల మొరం కావడంతో నీళ్లు నిలవడం లేదు. నాకు వెంటనే మా ఫ్లెక్సులు గుర్తొచ్చాయి. నేను బట్టలు కుట్టే మనిషిని. పదకొండు ఫ్లెక్సులను అంచుకు అంచు కలిపి, పైపులు అతికే గమ్ముతో అతికి, ఒక్క దుప్పటిలా చేశాను. అక్షరాలు పైకి వచ్చేలా గుంటలో పరిచాం. ఆ వాక్యం జీవజలం గురించినది. నీళ్లలో వాక్యం ఉంటే నీళ్లకు దీవెన అని ఆ ఆడవాళ్లకు చెప్పింది నేనే.

ఈ ఏడు ఆషాఢంలో ద్వాలి ఫోన్ చేసింది. "అక్కా, అడుగు చీకిపోయింది. ఇంకో రెండు ఫ్లెక్సులుంటే పంపు." పిల్లలు ఎలా ఉన్నాయని అడిగాను. "ఏముంటయి. పోయిన రెండు సార్లు గూడ సగం వంకర వీపుతోని పెరిగినయి. ఎవ్వరు కొంటలేరు. కప్పలు గుడ్లు పెడుతున్నయి గని తోకకప్పలు కప్పలైతలేవు. ఈసారి గూడ గట్లనే అయితే మావోళ్లు ముగ్గురు హైదరాబాద్ అడ్డా మీద కూలికి పోతమంటున్రు. గుంపు ఇడిపోతది."

ఆ మాట ప్రశాంతి ముందు అన్నాను. ప్రశాంతి మా సంఘంలో పుట్టి పెరిగిన పిల్ల. నా దగ్గరే ఆదివారపు బడి చదివి, ఇప్పుడు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతోంది. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి, "పెద్దమ్మా, ఫ్లెక్సు మీద పెరిగినయా ఆ పిల్లలు?" అని అడిగింది. మా ప్రయాణం అక్కడ మొదలైంది.

జనగామ: అజీజ్ భాయ్ దుకాణం

రైలుకు ఇంకా టైముంది. ముందు మా ఫ్లెక్సులు ముద్రించిన దుకాణానికి వెళ్దామంది ప్రశాంతి. అజీజ్ భాయ్ మాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. అంతకుముందు గోడల మీద కుంచెతో అక్షరాలు రాసేవాడు. మిషన్ వచ్చాక కుంచె మానేశాడు.

"భాయ్, ఈ ఫ్లెక్సు ఏంటితోని చేస్తరు?" అని అడిగాను.

"ప్లాస్టిక్కే అమ్మా. ఉత్త ప్లాస్టిక్ అయితే అప్పడం లెక్క ఇరుగుతది. మెత్తగ చుట్టనీకి నూనె అసోంటిది కలుపుతరు ఫ్యాక్టరీల. ఎండకు పాడు కాకుండ ఇంకోటి కలుపుతరు. రంగు నిలవనీకి ఇంకోటి."

దుకాణం వెనక నుంచి ఒక పాత ఫ్లెక్సు ముక్క తెచ్చి నా చేతికిచ్చాడు. ఎప్పుడో పెళ్లిది. పెళ్లికొడుకు ముఖం తెల్లబోయి ఉంది. మడిచేసరికి పటుక్కున పగిలింది.

"రెండేండ్లు బయట ఉంటే గిట్ల అయితది. నూనె ఎల్లిపోతది."

"ఎటు పోతది?" అంది ప్రశాంతి.

"నాకేం ఎరుక బేటీ. గాలిల ఉంటే గాలిలకు, వానల ఉంటే వానలకు."

నీళ్లలో ఉంటే ఎటు పోతుందో నేను అడగలేదు. ఆయన కూడా చెప్పలేదు. చాయ్ తెప్పిస్తానన్నా ఆగకుండా స్టేషనుకు నడిచాం. దారిలో ప్రశాంతి నాకు అర్థమయ్యేలా చెప్పింది. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే మందు దానితో గట్టిగా అతుక్కొని ఉండదట. పిండిలో కలిపిన నూనె కాగితానికి అంటినట్టు మెల్లగా బయటికి వస్తుందట. అలాంటి మందులు చేపల్లో, కప్పల్లో ఎదుగుదలను, గుడ్లు పెట్టడాన్ని పాడు చేయగలవని చదువుకున్నవాళ్లు గమనించారట. "అయితే మన గుంటల అదే అయిందని చెప్పలేం పెద్దమ్మా. మేత తక్కువైనా, నీళ్లు వేడెక్కినా వీపు వంగుతది. తీసుకపోయి పరీక్ష చేపిస్తెనే తెలుస్తది."

మానుకోట: స్టీలు డబ్బాతో చేపల సంత

మహబూబాబాద్‌ను ఇక్కడ ఎవరూ ఆ పేరుతో పిలవరు, మానుకోట అంటారు. రైల్లో ప్రశాంతి సంచి చూసి ఎదుటి సీటులోని ఆమె నవ్వింది. గాజు సీసాలు, వెండిరంగు రేకు కాగితం, నూలు గుడ్డలు, స్టీలు గరిటె ఉన్నాయి అందులో. "ఏం బిడ్డా, వంటలకు పోతున్నవా?" అని అడిగింది. పరీక్ష ప్లాస్టిక్ మందు కోసం కాబట్టి నీళ్లకు, చేపకు ఎక్కడా ప్లాస్టిక్ తగలకూడదట. నేను తెచ్చిన సర్వపిండి కూడా స్టీలు డబ్బాలోదే. ఎదుటి ఆమెకు ఒక ముక్క ఇచ్చాం. ఆమె దోసెడు నేరేడు పళ్లు ఇచ్చింది. మానుకోట వచ్చేసరికి ముగ్గురి నాలుకలూ ఊదారంగులోకి తిరిగాయి.

ఫ్లెక్సు తగలని చేప కూడా కావాలి, పక్కన పెట్టి పోల్చడానికి. అందుకని సంతకు వెళ్లాం. మా జనగామలో చేపలమ్మేవాళ్లు కత్తిపీట పక్కనే ధర కోసం అరుస్తారు. ఇక్కడ చేపలమ్మే ఆమె ఒక్క మాటా మాట్లాడకుండా తట్టలోని రవ్వ చేపను తోకతో పట్టి ఎత్తి చూపింది, అంతే. మట్టి చెరువులోదేనా అని ప్రశాంతి మూడుసార్లు అడిగింది.

"మట్టి చెరువు గాక బంగారి చెరువు ఉంటదా?" అని, చేపను నల్ల కవరులో వేయబోయింది.

"కవర్ల వద్దక్కా. గీ డబ్బాల."

"ఎందుకు, నా కవరుకు ఏమన్న రోగమా?"

"రోగమున్నదో లేదో చూద్దామనే పోతున్నం."

ఆమె పక్కనున్న వాళ్లతో "సదువుకున్నోళ్ల నకరాలు చూడున్రి" అంది. తర్వాత చేతులు రెండుసార్లు కడుక్కొని, చేపను జాగ్రత్తగా డబ్బాలో పడుకోబెట్టింది. కిలోకు నూట అరవై తీసుకుంది. మా ఊళ్లో కంటే తక్కువే.

తండా: నేను చెప్పాల్సిన మాట

కొత్తగూడ బస్సు దిగి తండాకు నడిచేటప్పుడు రెండు పక్కలా టేకు, మోదుగ చెట్లు. అప్పుడే పడిన వానకు పోడు చేలలో మొలకలు లేచాయి. నా మనసు వాటి మీద లేదు. ఆదివారపు బడిలో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను, పశ్చాత్తాపమంటే ఏడవడం కాదు, ఎవరికి తప్పు చేశామో వాళ్ల ముందుకు నడిచి వెళ్లడమని. చెప్పడానికి చాలా తేలికైన పాఠం అది.

ద్వాలి గుంట గట్టు మీదే ఎదురొచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి, నవ్వితే కళ్లు చిన్నవవుతాయి. మా చేతుల్లో ఫ్లెక్సు చుట్టలు లేకపోవడం చూసి, "ఫ్లెక్సులేవి అక్కా?" అంది.

"తేలే ద్వాలి. ఒక మాట చెప్పనీకొచ్చిన."

ఆమె అత్త చాందమ్మ వేపచెట్టు కింద మంచంలో కూర్చుని మేక పిల్లకు ఆకు పెడుతోంది. మిగతా ఆడవాళ్లు కూడా వచ్చారు. నిలబడే చెప్పాను. మేము ఇచ్చిన ఫ్లెక్సులోని మందు నీళ్లలోకి దిగి పిల్లలు వంకరపోయి ఉండొచ్చనీ, అది ఇంకా తేలలేదనీ, కానీ ఇచ్చేముందు నేను ఎవర్నీ అడగలేదనీ.

ద్వాలి ముందు నవ్వింది, తర్వాత ఆ నవ్వు పోయింది.

"మీ దేవుని మాట రాసున్నదని గుంటల దిగినప్పుడల్ల చెప్పులిడిచి దిగినం అక్కా. కోటు సారు మొకం మీద కాలు పడొద్దని అంచుల పొంటి నడిచినం. చేపపిల్లలు వంకరవోయిన్నాడు గూడ మాకు ఆ సోయి రాలే. దీవెన అని చెప్తివి. దీవెనను ఎవరు పరీక్ష చేస్తరు?"

వాళ్లు కొలిచే దైవం వేరు. అయినా మా వాక్యాన్ని మేము గౌరవించినంతగా గౌరవించారు. ఆ గౌరవమే వాళ్ల నోరు కట్టేసింది.

చాందమ్మ మేకపిల్లను వదిలి అడిగింది. "తెలిసి ఇచ్చినవా బిడ్డా?"

"లేదు యాడీ," అన్నాను, వాళ్ల భాషలో అమ్మా అని.

"తెలిసినంక ఫోన్ల చెప్పక, గింత దూరం వచ్చి చెప్పినవు. ఇగ కూసో. రొట్టె తిను."

"కూసోని రొట్టె తింటే గుంటల నీళ్లు నిలుస్తయా?" అంది ద్వాలి. "వచ్చే సోమవారం భూపాలపల్లి నుంచి పిల్లలొస్తయి. ఈ ఫ్లెక్సు ఉంటే వంకరైతయని మీరంటరు. తీసేస్తే నీళ్లు ఇంకిపోతయి. గిప్పుడు నేనేం జెయ్యాలె?"

అప్పటికి ఎవరికీ తెలియదు ఏం చేయాలో. చాందమ్మ జొన్నరొట్టె, ఎండు మిరపకాయల కారం పెట్టింది. మా ఇంట్లో కారంలో చింతపండు వేస్తాం. వీళ్లు వేయరు. కళ్లలో నీళ్లు తిరిగితే అది కారం వల్లేనని అందరూ అనుకున్నారు, నేనూ అలాగే అనుకోనిచ్చాను.

పారబోసిన సీసా

మరుసటి రోజు ప్రశాంతి తన పని మొదలుపెట్టింది. గుంట నీళ్లు రెండు సీసాల్లో, తండా పైనున్న వాగు నీళ్లు ఒక సీసాలో, గుంటలో మిగిలిన పిల్లలు కొన్ని రేకు కాగితంలో. వాగు దగ్గరికి గంట నడక, రాళ్లు. సీసా నేను మోస్తానన్నాను. తిరిగి వస్తుంటే మూత వదులై నీళ్లు కారడం మొదలైంది. నా చేతి సంచిలో కొత్త పాలిథిన్ కవరు ఉంది. సీసా మూతికి కవరు తొడిగి, పైన రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేశాను. బాగా చేశాననుకున్నాను.

ప్రశాంతి దాన్ని చూసి తల పట్టుకుంది. "పెద్దమ్మా, మనం వెతికేది కవర్లున్నదే."

"లోపట తగల్లే బిడ్డా. మూతికి తగిలింది."

"నీళ్లు ఊగినయా లేదా?"

ఊగాయి. ఆమె ఆ నీళ్లు బంతిమొక్కకు పోసేసింది. మళ్లీ గంట పోవడం, గంట రావడం. ద్వాలి మాతో వచ్చింది. దారంతా "మీ సంఘం చేసే మేలంత కవరు తొడుగుడేనా అక్కా?" అని ఏడిపించింది. ఆ ఏడిపించడంతో నాకు ప్రాణం లేచొచ్చింది. కోపం తగ్గిన మనిషే అలా ఆటపట్టిస్తుంది.

సాయంత్రం, ఎలాగూ చీకిపోయిందని, మిగిలిన నీళ్లు తోడేసి అందరం కలిసి ఫ్లెక్సు పైకి లాగాం. నేను అతికిన అంచులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. మిగతాదంతా పెళుసై, లాగిన చోటల్లా చిరిగింది. జీవజలం అనే మాటలో సగం అక్షరాలు లేవు. కోటు సారుకు కోటు ఒక్కటే మిగిలింది. నీళ్లలోకి వాక్యం దిగాలని కోరుకున్నాం. దిగింది దాని రంగు. ఒక ముక్క ప్రశాంతి పరీక్షకు తీసుకుంది. మిగతాది చుట్ట చుట్టి నా దగ్గరే ఉంచుకున్నాను. కాలిస్తే పొగ ఇంకా చెడ్డదట.

భూపాలపల్లి: అంటుకోని బెల్టు

చేపపిల్లల్ని పంపే రాజయ్యను అడిగితే దారి దొరుకుతుందేమోనని శుక్రవారం ద్వాలి, ప్రశాంతి, నేను ములుగు మీదుగా భూపాలపల్లి వెళ్లాం. ఊరు దగ్గరపడే కొద్దీ బొగ్గు లారీలు. బస్సు కిటికీ దగ్గర కూర్చున్న ద్వాలి ముక్కు మీద నల్లచుక్క పడితే దిష్టిచుక్క అన్నాను.

ఈ ఊళ్లో మా ఊరికి లేని వస్తువు ఒకటి ఇంటింటా కనిపించింది. గనుల్లో బొగ్గు మోసి అరిగిపోయిన రబ్బరు బెల్టు. గడప ముందు కాళ్లు తుడుచుకునేది అదే. బర్రెల కింద పరిచేది అదే. ఒకచోట పిల్లల ఉయ్యాల పీట కూడా అదే. చాయ్ హోటలాయన మా కథ విని చాలా సంతోషపడ్డాడు.

"గంతదానికి పరేషాన్ ఎందుకమ్మా. నా దగ్గర బెల్టు ముక్కలున్నయి, ఉత్తగనే తీస్కపోండ్రి. ఫ్లెక్సు రెండేండ్లు. ఇది మీ మనుమల కాలం దాంక ఉంటది. సూడుండ్రి, అగ్గి పెట్టినా అంటుకోదు." లైటరు వెలిగించి బెల్టు అంచుకు పెట్టి చూపించాడు. నిజంగానే అంటుకోలేదు.

అడగకుండా ఏదైనా దొరికితే దేవుడే పంపాడనుకోవడం నా అలవాటు. ట్రాలీ ఆటో ఎంత తీసుకుంటుందో అప్పుడే అడిగేశాను. ప్రశాంతి నా కొంగు పట్టి లాగింది.

"అంటుకోకుండ ఉండనీకి ఏం కలిపిన్రో అడుగు పెద్దమ్మా."

అడిగాను. హోటలాయన లైటరు జేబులో పెట్టుకున్నాడు. "అది నాకెట్ల తెలుస్తదమ్మా. గనుల అగ్గి పుట్టొద్దని ఏదో మందు కలుపుతరు."

ద్వాలి, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆయన మంచి మనసుతో ఇచ్చాడు, నేనూ రెండేళ్ల కింద మంచి మనసుతోనే ఇచ్చాను. దండం పెట్టి, చాయ్ డబ్బులిచ్చి లేచాం.

రాజయ్య చెరువు కింద ఉంటాడు. తాతల నాటి నుంచి చేపల పని. ఆయన గుంటలు ఆరు, అన్నీ మట్టివే. విషయమంతా విని పంచె ఎగ్గట్టి నవ్వాడు.

"గుంటకు అంగీ ఎందుకు తొడిగిన్రు? మట్టే దాని తోలు."

"మాది మొరం బాపు. నిలుస్తలేవు," అంది ద్వాలి.

"మొరం మీద చెరువు మట్టి పొయ్యి. నల్లది, జిగటది. జానెడు మందం. పేడ కలుపు. తడిపి తొక్కాలె, ఎండనియ్యొద్దు, మల్ల తడిపి మల్ల తొక్కాలె. కాలు ఊడొస్తలేదన్నప్పుడు ఆపాలె. మా నాయిన బర్రెలతోని తొక్కిచ్చేది."

"ఎన్ని దినాలు పడుతది?"

"మనుషులను బట్టి."

పిల్లల్ని వారం ఆపమని ద్వాలి బతిమాలింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "గుడ్డు పగిలినంక పిల్ల నా మాట ఇనదు బిడ్డా. సోమవారం కాకుంటే బుధవారం. అంతకంటే నాతోని గాదు. బుధవారం గుంట తయారు లేకుంటే వేరేటోళ్లకు పోతయి, మల్ల ఈ ఏడు ఉండయి."

చేతిలో అయిదు రోజులు. తిరుగు బస్సులో ద్వాలి వేళ్ల మీద మనుషుల్ని లెక్కపెడుతూ కూర్చుంది. అడ్డా మీదికి పోతామన్న ఆ ముగ్గుర్ని కూడా లెక్కలోనే వేసుకుంది.

తండా: తొక్కుడు

మూడు రోజులకని వచ్చిన నా దగ్గర చీరలు మూడే. నాలుగోది ద్వాలి ఇచ్చింది. శనివారం ప్రశాంతి సీసాలతో, కొత్తగూడ కొట్టు ఫ్రిజ్‌లో దాచిన చేపల డబ్బాతో జనగామ బయల్దేరింది. తండా మగవాళ్లు ట్రాక్టరుతో కింది చెరువు అంచు నుంచి నల్లమట్టి తోలారు. చాందమ్మ ఇల్లిల్లూ తిరిగి పేడ పోగు చేయించింది.

మర్నాడు ఆదివారం. నాకు జ్ఞాపకం ఉన్నంతవరకు ఆరాధన తప్పింది లేదు. పొద్దున్నే మా పాస్టర్ అయ్యగారికి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"ఆ ఫ్లెక్సుల మీద ప్రార్థన చేసి పంపింది నేనే సుగుణమ్మా," అన్నాడు. "నువ్వక్కడ తొక్కు. మేమిక్కడ మోకాళ్ల మీద ఉంటం."

తొక్కడమంటే కాళ్లు ఎత్తి దించడమే కదా అనుకున్నాను. పది అడుగులకే పిక్కలు పట్టేశాయి. రెండు బర్రెలను దించితే ఒకటి మధ్యలో పడుకుంది, ఎంత అదిలించినా లేవలేదు. అప్పుడు ఆడవాళ్లు బర్రెలను తోలేసి, ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసి గుండ్రంగా నిలబడ్డారు. పాట ఎత్తుకున్నారు. పాటకు తగ్గట్టు అడుగు ముందుకు, వెనక్కి, పక్కకు. పదిమంది మడమలు ఒక్కసారి దిగుతుంటే మట్టి అద్దంలా నునుపెక్కింది. వాళ్లకు పెళ్లిళ్లలో, పండగల్లో ఎలాగూ తెలిసిన అడుగే.

నేను గట్టు మీద ఆగిపోయాను. అది ఏ దేవుని పాటో నాకు తెలియదు. ద్వాలి కనిపెట్టేసింది.

"దేవుని పాట గాదు లే అక్కా. పెండ్లిపిల్ల అత్తను తిట్టే పాట."

"నన్నే తిడుతున్రు," అంది చాందమ్మ మంచం మీద నుంచి. "మూడు తరాల నుంచి గిదే తిట్టు."

దిగాను. నన్ను ఇద్దరి మధ్య ఇరికించారు. కాసేపయ్యాక మీ పాట పాడమన్నారు. మా కూటాల్లో పాడే ఒక కీర్తన ఎత్తుకున్నాను. రెండు చరణాలు ఓపిగ్గా తొక్కారు. ఆపై ద్వాలి, "మీ పాట మస్తు నిమ్మళం అక్కా. గిట్లయితే బురద ఎండిపోతది" అంది. అందరూ నవ్వారు. మళ్లీ అత్తను తిట్టే పాటే మొదలైంది. హైదరాబాద్ వెళ్తానన్న ముగ్గురిలో ఒకామె, పేరు కమలి, అందరికంటే గట్టిగా పాడింది. సాయంత్రానికి కాలు ఊడి రావడం కష్టమైంది. సోమవారం పొద్దున మళ్లీ తడిపి మళ్లీ తొక్కాం.

ఆ రెండు రోజుల్లో నా ప్రార్థనకు మాటలు తక్కువ పడ్డాయి. ప్రభువా, ఈ నీళ్లు నిలవనివ్వు. అంతే. అయినా ఇంత ధ్యాసతో చేసిన ప్రార్థనలు నా జీవితంలో ఎక్కువ లేవు.

బుధవారం

సోమవారం మధ్యాహ్నం వాగు నీళ్లు వదిలారు. గుంట నిండాక ద్వాలి ఒక వెదురు కర్ర దింపి, నీటిమట్టం దగ్గర కొడవలితో గాటు పెట్టింది. మంగళవారం పొద్దున నేను లేచేసరికి అందరూ గట్టు మీదే ఉన్నారు. నీళ్లు గాటుకు నాలుగు వేళ్లు కిందికి దిగాయి. కమలి చేత్తో నోరు మూసుకుంది.

"కొత్త కుండ గూడ మొదలు తాగుతది," అంది చాందమ్మ. "రేపటి దాంక చూడుండ్రి."

మళ్లీ గాటు దాకా నింపారు. ఆ రోజంతా కమలి బియ్యంలో రాళ్లు ఏరుతూ, ఏరినవే మళ్లీ ఏరింది.

బుధవారం తెల్లారి చూస్తే ఒక్క వేలు. ద్వాలి నీళ్లలోకి దిగి వేలు పెట్టి కొలిచి, నమ్మకం కుదరక నన్ను దిగి కొలవమంది. నా వేలు ఆమె వేలి కంటే లావు. "అర వేలే దిగింది" అన్నాను. అందరికీ ఆ లెక్కే నచ్చింది.

రాజయ్య ట్రాలీ ఆటోలో వచ్చేసరికి ఎండ ఎక్కింది. గాలి నింపిన కవర్లలో పిల్లలు వెంట్రుక ముక్కల్లా కదులుతున్నాయి. ద్వాలి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"గిదేంది బాపు, ఇవి గూడ కవర్లనే వచ్చినయి?"

"నాలుగు గంటల తొవ్వ బిడ్డా. కుండలల్ల తెస్తే సగం సస్తయి. గీ నాలుగు గంటలు వేరు, మీ రెండేండ్లు వేరు."

అది నిజం. ఈ కాలంలో ప్లాస్టిక్ తగలని వస్తువు దొరకడం కష్టం. ఎక్కడ ఎంతసేపు తగలనిస్తున్నామో అడగడం మన చేతిలో ఉంది. ఇది రాస్తున్న నాటికి ప్రశాంతి సీసాల ఫలితం ఇంకా రాలేదు. నా అనుమానం తప్పని తేలినా నేను బాధపడను. ఫ్లెక్సు చుట్టను బస్సు పైన వేసుకొని జనగామ తెచ్చాను. దానికి కండక్టరు లగేజీ టికెట్ కొట్టాడు. వచ్చే సభలకు బట్ట బ్యానర్లు నేను కుడతానన్నాను. అజీజ్ భాయ్ కుంచె వెతుకుతున్నాడు.

ఆ రోజు రాజయ్య కవర్లను కాసేపు గుంటలో తేలనిచ్చాడు, లోపలి నీళ్లు, బయటి నీళ్లు ఒకే చల్లదనానికి రావాలని. తర్వాత ఒక్కొక్కటి ముడి విప్పాడు. పిల్లలు ఒక మబ్బులా బయటికొచ్చి ఒడ్డునే ఆగిపోయాయి.

"ఇగ నీ దీవెన మాట చెప్పు అక్కా," అంది ద్వాలి.

నిజంగానే అడిగింది, ఎగతాళి లేదు. లోకం పుట్టినప్పుడు మనిషి కంటే ఒక రోజు ముందు నీళ్లలోని జీవుల్ని చేసి, దేవుడు మొట్టమొదటి దీవెన వాటికే ఇచ్చాడని మా గ్రంథం చెబుతుంది. అదే ఆమెకు చెప్పాను. నేను కొత్తగా ఇవ్వాల్సిందేమీ లేదన్నాను.

ద్వాలి కాసేపు నీళ్లలోకి చూసింది. "అయితే మనం చెడగొట్టకుంటే సాలు."

పిల్లలు ఇంకా ఒడ్డును వదల్లేదు. కమలి వంగి చూస్తోంది, నేనూ వంగాను, మా వెనక తండా అంతా వంగింది. రాజయ్య చెయ్యి ఊపాడు.

"ఎనకకు జరుగుండ్రి. మీ నీడ చూసి బెదురుతున్నయి."

అందరం గట్టు దిగి వెనక్కి జరిగాం.